థైరాయిడ్ స్పెషలిస్టు దగ్గరికి వెళ్లాలంటే లెటర్ కావాలా? బెంగళూరులో నా అనుభవం

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీకు 31 ఏళ్లు, సొంతూరు నెల్లూరు, ఉండేది మారతహళ్లి. రెండేళ్ల కిందట రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 9.2 వచ్చిందని (ఇది పెరిగితే థైరాయిడ్ మందగించిందని గుర్తు) ఇంటి దగ్గర క్లినిక్‌లో డాక్టరుగారు థైరాక్సిన్ 50 మైక్రోగ్రాముల మాత్ర రాశారు. మొన్న మళ్లీ చేయిస్తే 7.8 వచ్చింది. మాత్ర 75 చేశారు. నీరసం తగ్గలేదు, జుట్టు ఊడుతోంది, నెలసరి 45, 50 రోజులకోసారి వస్తోంది, పాలు పట్టించే హార్మోను ప్రొలాక్టిన్ 38 ఉంది. పిల్లల కోసం అనుకుంటున్నారు. హార్మోన్ల స్పెషలిస్టుకు, అంటే ఎండోక్రైనాలజిస్టుకు చూపించుకోవాలని ఉంది గానీ రెఫరల్ లెటర్ (స్పెషలిస్టుకు చూపించమని మన డాక్టరు రాసిచ్చేది) లేకుండా చూస్తారో లేదో, లెటర్ అడిగితే మీ డాక్టరుగారు నొచ్చుకుంటారేమో అని ఆగారు. ఈలోపు అత్తగారు ఆ మాత్రలు మానేసి ఊళ్లో ఆకు మందు తిందువు రమ్మంటున్నారు.

ముందే చెప్తున్నాను, నేను డాక్టర్ని కాను. హిందూపురం నుంచి వచ్చి బెంగళూరులో 26 ఏళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. అందులో చాలా ఏళ్లు హార్మోన్ టెస్టులు చేసే మెషీన్ల ముందే గడిచాయి. పద్నాలుగేళ్లుగా నేనూ పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకునే మనిషినే. అంచేత రెండు పక్కల నుంచీ చెప్పగలను.

లెటర్ సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. ప్రైవేటు ఆసుపత్రిలో గానీ, సొంత క్లినిక్ పెట్టుకున్న ఎండోక్రైనాలజిస్టు దగ్గర గానీ లెటర్ అక్కర్లేదు. అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లి కూర్చోవడమే. మీ కంపెనీ ఇన్సూరెన్స్ సంగతి మాత్రం ముందే కనుక్కోండి. ఇలాంటి పాలసీలు చాలావరకు ఆసుపత్రిలో చేరితేనే డబ్బులిస్తాయి, ఓపీ ఫీజూ రక్తపరీక్షలూ మన జేబులోంచే పోతాయి. ఓపీ కవర్ విడిగా ఉంటే అప్పుడు లెటర్ అడగొచ్చు. ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్లకు దారి వేరు. నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లు ఆ కిందకు వస్తారు కదా, వాళ్లు ముందు తమ డిస్పెన్సరీలో చూపించుకోవాలి. అక్కడి నుంచి రాజాజీనగర్ లాంటి ఈఎస్ఐ ఆసుపత్రికి, అక్కడ ఆ స్పెషలిస్టు లేకపోతే వాళ్లు పంపిన చోటికి వెళ్లాలి. ఆ చీటీ లేకుండా నేరుగా బయట చూపించుకుంటే ఖర్చు మనదే.

మరి లెటర్ అక్కర్లేదు కదా అని మీరు ఈ సాయంత్రమే బుక్ చేసేయకండి. అక్కర్లేకపోయినా తీసుకుని వెళ్లమంటాను. ఎందుకో మా చెల్లెలి సంగతి చెప్తే అర్థమవుతుంది.

మా చెల్లెలికి రెండో కాన్పు మా జిల్లాలోనే ఒక నర్సింగ్ హోంలో అయింది. చాలా రక్తం పోయింది, నాలుగు సీసాలు ఎక్కించారు. బిడ్డ బాగుంది, తల్లి బతికింది, అదే పదివేలు అనుకున్నాం. తర్వాత దానికి పాలు పడలేదు. బాలింత పథ్యం సరిగ్గా చేయలేదని మా పెద్దమ్మ తిట్టింది. ఏడాది దాటినా నెలసరి రాలేదు. పాపను ఎత్తుకుంటే కళ్లు తిరిగేవి, ఎండాకాలంలోనూ దుప్పటి కప్పుకునేది. థైరాయిడేమో చూడమంటే ఆ నర్సింగ్ హోంలో టీఎస్‌హెచ్ ఒక్కటే చేయించి నార్మల్ అని పంపేశారు. ఆర్నెల్లకు మళ్లీ అదే టెస్టు, అదే మాట. అది నాకు ఫోన్ చేసి 2.1 అని చెబితే నేను కూడా "నార్మలే కదే, ఊరికే టెన్షన్ పడకు" అన్నాను. రోజూ అవే నంబర్లు చూసే మనిషిని, నేనే అన్నాను ఆ మాట.

రెండేళ్లకు ఇక్కడికి తీసుకొచ్చి చూపించినప్పుడు ఒక కుర్ర డాక్టరు రిపోర్టులు పక్కన పెట్టి అడిగిన మొదటి ప్రశ్న: "కాన్పయ్యాక పాలు పడ్డాయా?" అంతే, అక్కడి నుంచి దారి దొరికింది. టీఎస్‌హెచ్ అనేది థైరాయిడ్ గ్రంథిలో పుట్టేది కాదు, మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోను. థైరాయిడ్ మందగిస్తే పిట్యూటరీ గట్టిగా కేకేస్తుంది, టీఎస్‌హెచ్ పెరుగుతుంది. కానీ కేకేయాల్సిన పిట్యూటరీయే దెబ్బతింటే? కాన్పులో రక్తం బాగా పోయినప్పుడు ఆ గ్రంథికి రక్తం అందక కొంత భాగం చచ్చిపోవచ్చు. దాన్ని షీహాన్ సిండ్రోమ్ అంటారు. అప్పుడు థైరాయిడ్ హార్మోను అడుగంటినా టీఎస్‌హెచ్ నార్మల్‌గానే కనబడొచ్చు. రక్తంలో థైరాయిడ్ హార్మోను ఎంతుందో చూపే ఎఫ్‌టీ4 చేస్తే తక్కువ, పొద్దున ఎనిమిదింటి కార్టిసాల్ (ఒంట్లోనే తయారయ్యే స్టెరాయిడ్) ఇంకా తక్కువ. ముందు స్టెరాయిడ్ మొదలుపెట్టి, ఆ తర్వాతే థైరాక్సిన్ ఇచ్చారు. కార్టిసాల్ లేని ఒంటికి ముందుగా థైరాక్సిన్ ఇస్తే మనిషి కుప్పకూలే ప్రమాదం ఉందని అప్పుడే తెలిసింది నాకు.

మీకు అదే ఉందని కాదు, ఆ భయం పెట్టుకోకండి. మీది టీఎస్‌హెచ్ పెరిగిన కేసు, దారి వేరు. నేను చెప్పొచ్చేది ఏమిటంటే, రెండేళ్లు మా చెల్లెలి చేతిలో రిపోర్టులున్నాయి గానీ వాటి మీద ఒక ప్రశ్న లేదు. "కాన్పులో రక్తస్రావం, పాలు పడలేదు, నెలసరి రాలేదు, టీఎస్‌హెచ్ నార్మల్, ఎఫ్‌టీ4 చేయలేదు, ఏమై ఉంటుంది?" అని ఎవరైనా ఒక్క ముక్క రాసి పంపుంటే మొదటి ఏడాదిలోనే తేలేది. మంచి రెఫరల్ లెటర్ అంటే ఆ ఒక్క ముక్కే. "కైండ్లీ సీ అండ్ డూ ద నీడ్‌ఫుల్" అని రాసిచ్చే చీటీ లెటర్ కాదు, గేట్ పాస్.

లెటర్ ఎలా అడగాలో చూద్దాం. మీ డాక్టరుగారు రెండేళ్లుగా చూస్తున్నారు, మాత్ర మోతాదు పెంచడమూ తప్పు కాదు. ఆయన మీద నమ్మకం పోయిందన్నట్టు అడగకండి. ఇలా అడిగి చూడండి: "సార్, పిల్లల కోసం అనుకుంటున్నాం. నెలసరి, ప్రొలాక్టిన్ కూడా ఉన్నాయి కాబట్టి ఒక్కసారి ఎండోక్రైనాలజిస్టుతో మాట్లాడి వస్తే మంచిదనిపిస్తోంది. మీరొక లెటర్ రాసిస్తే తీసుకెళ్తాను. ఆ తర్వాత చూపించుకునేది మీ దగ్గరే." ఈ చివరి మాట ముఖ్యం. అది మర్యాద కోసం మాత్రమే కాదు, నిజంగా జరగాల్సింది కూడా అదే. స్పెషలిస్టు దారి వేశాక ఆర్నెల్లకోసారి టీఎస్‌హెచ్ చూసి మాత్ర సరిచేయడానికి ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటన్నర కూర్చోవాల్సిన పని లేదు. అయినా రాసివ్వకపోతే మీరే ఒక తెల్లకాగితం మీద రాసుకోండి: ఏ నెలలో టీఎస్‌హెచ్ ఎంత, ఆ రోజుకు మాత్ర ఎంత, ఎప్పుడు పెంచారు, గత ఆరు నెలసరుల తేదీలు, వాడే మందులన్నీ, ఇంట్లో ఎవరికి థైరాయిడ్ ఉంది, చివర్లో మీ ప్రశ్న. ఒక్క పేజీ దాటనివ్వకండి. నలభై పేజీల ఫైలు తీసుకెళ్తే పది నిమిషాలు పేజీలు తిప్పడానికే సరి.

ఇప్పుడు మీరు రాసిన ఒక వాక్యం దగ్గరికి వస్తాను. "పొద్దున్నే మాత్ర, ఐరన్, జుట్టు మాత్ర కాఫీతో వేసుకుని ఏడున్నరకు క్యాబ్ ఎక్కేస్తాను" అన్నారు. అమ్మా, స్పెషలిస్టు కన్నా ముందు తేలాల్సింది ఇక్కడే ఉంది.

థైరాక్సిన్ చాలా సుకుమారమైన మందు. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఆగి కాఫీ తాగాలి. మన ఫిల్టర్ కాఫీ ఆ మాత్రను ఒంటికి సరిగా పట్టనివ్వదు. ఐరన్, కాల్షియం మాత్రలైతే నాలుగు గంటల దూరం ఉండాలి. అవి కడుపులో థైరాక్సిన్‌ను పట్టుకుని తమతో పాటే బయటికి లాక్కుపోతాయి. అంటే రెండేళ్లుగా మీరు 50 మింగుతున్నారు గానీ ఒంటికి ఎంత చేరిందో ఎవరికీ తెలియదు. పొద్దున హడావుడి తప్పదంటే రాత్రి భోజనమయ్యాక మూడు గంటలు ఆగి పడుకునే ముందు వేసుకునే పద్ధతీ ఉంది, డాక్టరుగారిని అడగండి. ఐరన్‌ను మధ్యాహ్నానికి జరపండి.

ఇంకో మెలిక ఉంది. మాత్ర సరిగ్గా పట్టడం మొదలైతే ఇప్పుడిచ్చిన 75 మీకు ఎక్కువ కూడా కావచ్చు. అందుకే వేసుకునే పద్ధతి మార్చానని డాక్టరుగారికి చెప్పండి. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం కనిపిస్తే టెస్టు కోసం ఆగకుండా వెళ్లండి.

జుట్టు మాత్ర సంగతి నా వృత్తికి సంబంధించింది కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను, విసుక్కోకండి. వాటిలో బయోటిన్ అనే విటమిన్ ఉంటుంది. రోజుకు ఒంటికి కావాల్సింది 30 మైక్రోగ్రాములు. చాలా జుట్టు మాత్రల్లో ఉండేది 5,000 లేదా 10,000 మైక్రోగ్రాములు. అది తిన్నందుకు హాని ఏమీ లేదు. కానీ హార్మోన్లు కొలిచే చాలా మెషీన్లలో కొలిచే విధానమే బయోటిన్ అతుక్కునే గుణం మీద ఆధారపడి ఉంటుంది. రక్తంలో బయోటిన్ నిండుగా ఉంటే మెషీన్ మోసపోతుంది. టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, థైరాయిడ్ హార్మోన్లయిన టీ4, టీ3 ఎక్కువగా చూపిస్తుంది. థైరాయిడ్ మందగించిన మనిషి కాగితం మీద థైరాయిడ్ ఎక్కువైన మనిషిలా కనిపిస్తుంది. కాబట్టి మీ 7.8 అసలు ఎంతో నాకు నమ్మకం లేదు, ఇంకా ఎక్కువే అయ్యుండొచ్చు. రక్తం ఇవ్వడానికి కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. మా దగ్గరికి వచ్చేవాళ్లకు నేను మూడు రోజులు చెప్పేదాన్ని. శాంపిల్ తీసేటప్పుడు "ఏవైనా మందులు వాడుతున్నారా" అంటే అందరూ బీపీ, షుగర్ చెప్తారు గానీ జుట్టు మాత్రను మందుగా ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ప్రొలాక్టిన్ 38 చూసి కూడా కంగారు పడకండి. ఎక్కువ ల్యాబుల్లో ఆడవాళ్లకు 25 దాకా నార్మల్ అని రాస్తారు. థైరాయిడ్ మందగిస్తే ప్రొలాక్టిన్ కొంచెం పెరగడం మామూలే, థైరాయిడ్ కుదుటపడితే అదే దిగొచ్చే అవకాశం ఎక్కువ. సూది భయానికీ పెరుగుతుంది. గ్యాస్‌కు వాడే మాత్రల్లో డొంపెరిడోన్ కలిసినవి ఉంటాయి, వాటికీ పెరుగుతుంది. మనవాళ్లు వాటిని చాక్లెట్లలా మింగుతారు కాబట్టి మీ హ్యాండ్‌బ్యాగులో ఉందేమో చూసుకోండి. మళ్లీ చేయించేటప్పుడు ల్యాబులో అరగంట నెమ్మదిగా కూర్చున్నాక రక్తం ఇవ్వండి. దీని కోసం ఎవరైనా నేరుగా పిట్యూటరీకి ఎమ్మారై అంటే, "థైరాయిడ్ సర్దుకున్నాక ఒకసారి మళ్లీ చూద్దామా?" అని అడగడం తప్పు కాదు. తలనొప్పి, చూపు మసకబారడం, రొమ్ముల నుంచి పాలు రావడం లాంటివి ఉంటే మాత్రం వేరే సంగతి, అప్పుడు ఆలస్యం వద్దు.

ఇంతకీ మీకు స్పెషలిస్టు అవసరమా అంటే, అవసరమే. ఒట్టి టీఎస్‌హెచ్ పెరగడం, మాత్రతో దిగిరావడం అయితే ఫ్యామిలీ డాక్టరు చాలు. అందరూ స్పెషలిస్టు దగ్గరికి పరుగెత్తడం నాకు నచ్చదు. మీకు గర్భం ప్లాన్ ఉంది, నెలసరి తేడా ఉంది, రెండో హార్మోను కూడా పెరిగింది. ఈ మూడూ కలిశాయి కాబట్టి వెళ్లాలి. ఇది చదివే వేరేవాళ్ల కోసం ఒక మాట: టీఎస్‌హెచ్ బాగా అడుగంటి దడ, బరువు తగ్గడం ఉన్నా, మెడలో గడ్డ తగిలినా, కళ్లు ముందుకు పొడుచుకొచ్చినట్టున్నా, కాన్పయిన ఏడాదిలోపు మొదలైనా, మానసిక జబ్బుకిచ్చే లిథియం గానీ గుండెకిచ్చే అమియోడరోన్ గానీ వాడుతున్నా వెళ్లాల్సిందే. థైరాయిడ్ ఎక్కువైనందుకు కార్బిమజోల్ వాడేవాళ్లకు జ్వరం, గొంతునొప్పి కలిసి వస్తే అదే రోజు డాక్టరుకు చెప్పి రక్తకణాల పరీక్ష చేయించుకోవాలి. జలుబే కదా అని ఊరుకోకూడదు.

ఎవరి దగ్గరికి అన్నది తర్వాతి మాట. బోర్డు మీద "డయాబెటిస్ అండ్ థైరాయిడ్ స్పెషలిస్ట్" అని ఉన్న ప్రతివారూ ఎండోక్రైనాలజిస్టు కారు. ఎంబీబీఎస్, మూడేళ్ల ఎండీ అయ్యాక ఇంకో మూడేళ్లు హార్మోన్ల మీదే చదివితే వచ్చేది డీఎం ఎండోక్రైనాలజీ. దానికి సమానంగా డీఎన్‌బీ, ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ అని ఉంటుంది. ఆ అక్షరాలు చూడండి. షుగర్ డాక్టర్లు చెడ్డవాళ్లని కాదు, చాలామంది బాగా చూస్తారు, కానీ మీకు కావాల్సిన చదువు అది.

చోటు విషయంలో మీకు దగ్గరలో కోరమంగళ సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, అక్కడ ఎండోక్రైనాలజీ విభాగం ఉంది. టీచింగ్ ఆసుపత్రిలో ఒక పూట వెయిటింగ్ తప్పదు, టిఫిన్ చేసి పుస్తకం పట్టుకుని వెళ్లండి. అయితే అక్కడ చదువుకునే జూనియర్ డాక్టర్లు ముందు తీరిగ్గా కేసు రాసుకుంటారు. మా చెల్లెల్ని గట్టెక్కించింది అలాంటి జూనియరే కాబట్టి నాకు ఆ వెయిటింగ్ అంటే గౌరవం. జయనగర్ వైపు ప్రభుత్వానిదే కర్ణాటక ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎండోక్రైనాలజీ అండ్ రీసెర్చ్ ఉంది, ఒకప్పుడు డయాబెటాలజీ ఇన్‌స్టిట్యూట్ అనేవారు, ఖర్చు భారమనుకునేవాళ్లకు మంచిది. మన చిత్తూరు, నెల్లూరు వాళ్లకు వేలూరు సీఎంసీ మీద గురి ఎక్కువ. మీవాళ్లూ అక్కడికే వెళ్దామంటారేమో. మంచి చోటే, తెలుగు మాట్లాడేవాళ్లకు లోటుండదు, రైలెక్కితే కాట్పాడిలో దిగడమే. ఇప్పుడు రాణిపేట దగ్గర వాళ్లకు ఇంకో క్యాంపస్ కూడా ఉంది కాబట్టి బుక్ చేసేటప్పుడే ఎక్కడికి రమ్మన్నారో చూసుకోండి. కానీ మీ సమస్యకు వేలూరు దాకా అవసరం లేదని నా అభిప్రాయం. మళ్లీ మళ్లీ చూపించుకోవాల్సిన జబ్బుకు దగ్గరి డాక్టరే మేలు.

లోపలికి వెళ్లాక జుట్టు ఊడటంతో మొదలుపెట్టకండి. మనవాళ్లందరూ అలాగే మొదలుపెడతారు, ఉన్న పది నిమిషాలూ షాంపూలకే పోతాయి. "పిల్లల కోసం అనుకుంటున్నాం, నెలసరి 50 రోజులకు వస్తోంది" అన్నది మొదటి వాక్యం కావాలి. ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్ మీద పడుతోందా అని చూసే యాంటీ టీపీఓ టెస్టు ఇంతకుముందు చేయించకపోతే చేయించాలా అని అడగండి. అది ఒకసారి పాజిటివ్ వస్తే చాలు, ప్యాకేజీలో ఉందని ఏటేటా చేయించడం దండగ. నెలసరి తేడాకు థైరాయిడ్ ఒక్కటే కారణమా, పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల తేడా) కూడా ఉందా అన్నది అడగండి. స్కాన్‌లో నీటిబుడగలు కనిపించినంత మాత్రాన పీసీఓఎస్ కాదు. నెలసరి తేడా, మగ హార్మోన్లు ఎక్కువ ఉండటం, స్కాన్, ఈ మూడింటిలో రెండు ఉండాలి, అదీ థైరాయిడ్, ప్రొలాక్టిన్ కారణం కాదని తేలాకే.

అన్నిటికన్నా ముఖ్యంగా అడగాల్సింది: "నెల తప్పితే ఆ రోజు మాత్ర ఎంత వేసుకోవాలి?" గర్భం ప్లాన్ చేసేవాళ్లకు టీఎస్‌హెచ్ 2.5 లోపు ఉండేలా చూస్తారు. గర్భం రాగానే థైరాక్సిన్ అవసరం పెరుగుతుంది, మామూలుగా వారానికి రెండు మాత్రలు అదనంగా వేసుకోమంటారు. మొదటి నెలల్లో బిడ్డ తల్లి హార్మోను మీదే ఆధారపడుతుంది కాబట్టి అపాయింట్‌మెంట్ దొరికేదాకా ఆగడానికి లేదు. ఆ సూచన ముందే చీటీ మీద రాయించుకుని ఫ్రిజ్ మీద అతికించుకోండి.

అత్తగారికి ఎదురు చెప్పకండి. "డాక్టరు పిల్లలు పుట్టేదాకా ఈ మాత్ర మానొద్దన్నారత్తయ్యా" అనండి, మనవడి మాట వచ్చాక ఆవిడే ఊరుకుంటారు. ఆకు మందులో ఏం కలుస్తుందో ఎవరూ చెప్పలేరు, గర్భం అనుకునేటప్పుడు అది వద్దే వద్దు. క్యాబేజీ మానేయమని ఎవరైనా అంటే పట్టించుకోకండి, ఉడికించిన కూర హాయిగా తినొచ్చు.

ఇక తేదీల లెక్క. మాత్ర మోతాదు గానీ వేసుకునే పద్ధతి గానీ మారాక టీఎస్‌హెచ్ నిలకడకు రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. రేపటి నుంచి మాత్రను కాఫీకి, ఐరన్‌కు దూరం జరిపి క్యాలెండర్‌లో ఏడో వారం గుర్తు పెట్టుకోండి. జుట్టు మాత్ర మూడు రోజుల ముందు ఆపి, ఇదివరకు చేయించిన ల్యాబులోనే, పొద్దున్నే, ఆ రోజు మాత్ర వేసుకోకముందు టీఎస్‌హెచ్, ఎఫ్‌టీ4, ప్రొలాక్టిన్‌కు రక్తం ఇవ్వండి. స్పెషలిస్టు అపాయింట్‌మెంట్ ఎనిమిదో వారానికి ఇప్పుడే తీసుకోండి, ఎలాగూ అంతకన్నా ముందు దొరకడం కష్టం. ఈలోపే నెల తప్పితే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి, ఆ రోజే మీ డాక్టరుగారికి ఫోన్ చేయండి.